ట్రైలర్ నుంచి ర్యాంబ్లర్ దాకా: యుద్ధం తరువాతి అమెరికా ఇళ్లూ, వాటి కింది నేలా

కిటికీరెక్క (రిచ్‌ఫీల్డ్, మినెసోటా)

అందరికీ నమస్కారం. మినియాపోలిస్‌కు దక్షిణాన ఆనుకుని ఉన్న రిచ్‌ఫీల్డ్‌లో, 1953లో కట్టిన ఒక ఇంటిని రెండేళ్ల కిందట కొన్నాము. ఒకే అంతస్తు, వాలు తక్కువగా ఉన్న కప్పు, వీధి వైపు ఒక పెద్ద అద్దాల కిటికీ, కింద బేస్‌మెంటు. ఈ రకం ఇంటిని ఇక్కడ ర్యాంబ్లర్ అంటారు. పై భాగం మొత్తం 960 చదరపు అడుగులు. అందులోనే మూడు పడక గదులు, ఒకే ఒక స్నానాల గది, ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే మూడోవారు దాటలేని వంటగది. మొన్న బట్టల అలమర గోడ బోర్డు విప్పినప్పుడు లోపలి కర్ర మీద వడ్రంగి పెన్సిలుతో వేసుకున్న కూడిక లెక్క ఒకటి బయటపడింది. డెబ్బై ఏళ్లు దాటినా నిన్న రాసినట్టే ఉంది. దానిని చెరపడానికి మనసు రాక, ఫొటో తీసుకుని మళ్లీ బోర్డు బిగించాను.

మా పక్కింటి పెద్దావిడకు తొంభై ఎనిమిదేళ్లు. భర్త రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లో రెండేళ్ల పాటు ట్రైలర్‌లో, అంటే కారు వెనక లాగే చక్రాల ఇంట్లో, కాపురం చేశామనీ, నీళ్లు బయటి కుళాయి నుంచి మోసుకొచ్చే వాళ్లమనీ, 1954లో ఈ వీధికి వచ్చామనీ చెప్పారు. ఆరేడేళ్లలో ఒక కుటుంబం ట్రైలర్ నుంచి సొంత ర్యాంబ్లర్‌కు ఎలా చేరగలిగింది? జీతాలు పెరిగాయనుకోవాలా, ఇళ్ల ధర తగ్గిందనుకోవాలా, ఇంకేదైనా ఉందా? ఈ విషయం చదివినవారూ, పని చేసినవారూ మన వేదికలో ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

పాత తనఖా (ఎడిసన్, న్యూజెర్సీ)

కిటికీరెక్క గారూ, గృహ రుణాల విభాగంలో ముప్ఫై ఏళ్లు పని చేసినవాడిని కాబట్టి అప్పు వైపు నుంచి మొదలుపెడతాను. నా దృష్టిలో మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

1930ల మాంద్యంలో కొత్త ఇళ్ల నిర్మాణం దాదాపు ఆగిపోయింది. ఆ తరువాత యుద్ధం వచ్చి కలప, ఇనుము, రాగి అన్నీ సైన్యానికి పోయాయి. అంటే 1945లో సైనికులు తిరిగి వచ్చేసరికి, పదిహేనేళ్లుగా కట్టవలసిన ఇళ్లు కట్టకుండా మిగిలిపోయిన దేశం వాళ్లకు ఎదురైంది. సుమారు 1 కోటి 60 లక్షల మంది ఆ యుద్ధంలో సైనిక సేవ చేశారు. వారిలో ఎక్కువ మంది ఇరవైలలో ఉన్నవారు, అప్పుడే పెళ్లయినవారు. 1947 నాటికి సుమారు 60 లక్షల కుటుంబాలు తల్లిదండ్రుల ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో సర్దుకుని ఉన్నాయి. మనకు ఉమ్మడి కుటుంబం అలవాటు కాబట్టి అందులో వింత కనబడకపోవచ్చు గాని, వాళ్లకు అది ఊపిరాడని స్థితి.

అంతకు ముందు గృహ రుణం ఎలా ఉండేదో చూస్తే మార్పు ఎంత పెద్దదో అర్థమవుతుంది. 1934కు ముందు బ్యాంకు సాధారణంగా ఇంటి విలువలో సగం వరకే అప్పు ఇచ్చేది, అదీ మూడు నుంచి ఐదేళ్లకే. గడువు చివర అసలు మొత్తం ఒక్కసారిగా కట్టాలి, లేదా మళ్లీ తిరగరాయించుకోవాలి. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌హెచ్‌ఏ, బ్యాంకు ఇచ్చే అప్పుకు బీమా ఇవ్వడం మొదలుపెట్టింది. అసలూ వడ్డీ కలిపి నెలనెలా తీరిపోయే దీర్ఘకాలపు వాయిదా పద్ధతి దానితోనే స్థిరపడింది. ఆ పైన 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జీఐ బిల్లు, అంటే యుద్ధం నుంచి తిరిగి వచ్చే సైనికులకు సాయం చేసే చట్టం, వచ్చింది. సైనికుడు తీసుకునే గృహ రుణంలో సగానికి, 2,000 డాలర్లకు మించకుండా, ప్రభుత్వం హామీ ఉంది. మరుసటి ఏడాదే ఆ పరిమితిని 4,000 డాలర్లకు పెంచారు. వడ్డీ 4 శాతం మించకూడదు. ప్రభుత్వమే పూచీ పడుతున్నప్పుడు బ్యాంకు ముందస్తు సొమ్ము అడగవలసిన అవసరం లేకుండా పోయింది.

న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో బంగాళాదుంప పొలాల మీద వెలసిన లెవిట్‌టౌన్ మంచి ఉదాహరణ. 1947లో ఆ ఇళ్లను నెలకు 60 డాలర్ల అద్దెకు ఇచ్చారు. 1949లో 7,990 డాలర్లకు రాంచ్ అనే ఒకే అంతస్తు నమూనా అమ్మకానికి పెట్టినప్పుడు, సైనికులకు నెల వాయిదా ఆ అద్దె కన్నా కొంచెం తక్కువే పడింది. అద్దె కన్నా వాయిదా తక్కువైనప్పుడు ఏ సంసారి అయినా ఏం చేస్తాడు? సొంత ఇళ్లలో ఉన్న కుటుంబాలు 1940లో 43.6 శాతం, 1950లో 55 శాతం, 1960లో 61.9 శాతం. నా సర్వీసంతా లెక్కలతోనే గడిచింది గాని, ఇరవై ఏళ్లలో ఇంత ఎత్తుకు ఎక్కిన మెట్టు మరొకటి నాకు కనబడలేదు.

తాపీగీత (విజయవాడ)

పాత తనఖా గారు అప్పు సంగతి చెప్పారు కాబట్టి, ఆ ధరకు ఇల్లు ఎలా కట్టగలిగారన్నది నేను చెబుతాను. ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఈ పాఠం ఏటా చెబుతాను, చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది.

ముందుగా మన పాఠకులకు ఒక మాట. మన దగ్గర స్లాబు అంటే పైకప్పు. స్లాబు వేసిన రోజు మేస్త్రీలకూ కూలీలకూ భోజనాలు పెడతాం. లెవిట్‌టౌన్‌లో స్లాబు అంటే కింద ఉండే కాంక్రీటు పలక. నేల చదును చేసి, దాని మీద నేరుగా పలక పోసి, ఆ పలకలోనే రాగి గొట్టాలు పొదిగి, వాటిలో వేడినీరు పారించి ఇంటిని వెచ్చబరిచారు. బేస్‌మెంటు తవ్వకం లేదు, రేడియేటర్లు లేవు. గోడలు రెండు అంగుళాలకు నాలుగు అంగుళాల కర్రలను పదహారు అంగుళాలకు ఒకటి చొప్పున నిలబెట్టి కట్టినవి. లోపలి వైపు తడి ప్లాస్టరుకు బదులు జిప్సం బోర్డు. తడి ప్లాస్టరు ఆరడానికి వారాలు పట్టేది. బోర్డుకు మేకులు కొట్టి అతుకులు పూడిస్తే మూడు నాలుగు రోజుల్లో రంగు వేయవచ్చు. ఇంటి ధరలో కాలం కూడా ఒక సరుకే కదా.

నిర్మాణాన్ని పాతికకు పైగా అంచెలుగా విడదీశారు. కారు కర్మాగారంలో కారు కదులుతుంది, మనిషి నిలబడి ఉంటాడు. ఇక్కడ ఇల్లు నిలబడి ఉంటుంది, మనుషులు జట్లుజట్లుగా ఒక ఇంటి నుంచి పక్కింటికి కదులుతూ తమ ఒక్క పనీ చేసుకుపోతారు. పలక పోసే జట్టు పోస్తూ పోతుంది, ఎర్ర రంగు వేసే మనిషి ఎర్ర రంగే వేస్తాడు. జోరు మీద ఉన్న రోజుల్లో రోజుకు ముప్ఫై ఇళ్లకు పైగా పూర్తయ్యేవి. 1951 నాటికి మొత్తం 17,447 ఇళ్లు. మొదటి నమూనా 750 చదరపు అడుగులు, 1949 రాంచ్ 800. స్థలం మాత్రం అరవై అడుగులకు వంద అడుగులు, అంటే మన లెక్కలో 666 గజాలు. అంత జాగాలో అంత చిన్న ఇల్లా అని మా విద్యార్థులు ప్రతి ఏడాదీ అడుగుతారు. తరువాత పెంచుకోవడానికే ఆ జాగా, పైన వదిలిన అటక కూడా అందుకే. నిజంగానే పెంచుకున్నారు, మొదట కట్టినది కట్టినట్టే మిగిలిన ఇల్లు ఇప్పుడు అక్కడ వెతికినా దొరకడం కష్టం.

ఇక రాంచ్, ర్యాంబ్లర్ పేర్ల సంగతి. ఒకే అంతస్తులో పొడవుగా సాగే ఈ రూపం కాలిఫోర్నియా పశువుల పెంపకందారుల పాత ఇళ్ల నుంచి వచ్చింది. 1930ల మొదట్లో శాన్ డియాగోలో క్లిఫ్ మే అనే ఇళ్ల రూపకర్త ఆ రూపాన్ని కొత్త ఇళ్లకు తెచ్చాడు. అతని ఇళ్లు పెరటి వైపు తెరుచుకుని, అరుగుల చుట్టూ తిరిగేవి. యుద్ధం తరువాత బిల్డర్లు దాన్ని కుదించి, అరుగులు తీసేసి, పెట్టెలా చేసి, వీధి వైపు ఒక పెద్ద కిటికీ మాత్రం మిగిల్చారు. దాన్ని దేశమంతా రాంచ్ అంటే, మినెసోటా, యూటా, వాషింగ్టన్ పరిసరాల్లో ర్యాంబ్లర్ అనడం నిలిచిపోయింది. 1950లో అమెరికాలో కట్టిన కొత్త ఇంటి సగటు 983 చదరపు అడుగులు. కిటికీరెక్క గారి 960 అడుగుల ఇల్లు ఆ కాలానికి ఇరుకు కాదు, సరిగ్గా నడిమి తరగతి ఇల్లు.

చలిమంట (డులూత్, మినెసోటా)

తాపీగీత గారు చెప్పిన నేల పలక మినెసోటాలో ఎందుకు నిలవలేదో, కిటికీరెక్క గారి ఇంటికి బేస్‌మెంటు ఎందుకు ఉందో చెబుతాను. ఇళ్ల తనిఖీ నా వృత్తి. నెలకు పది పన్నెండు ర్యాంబ్లర్ల బేస్‌మెంట్లలోకి దిగుతాను.

ఇక్కడ శీతాకాలంలో నేల లోతుగా గడ్డకడుతుంది. గడ్డకట్టిన మట్టి ఉబ్బి, పైన ఉన్నదాన్ని ఎత్తుతుంది. అందుకని పునాది అడుగు ఆ గడ్డకట్టే లోతు కన్నా కిందికి వెళ్లాలి. రాష్ట్ర నిబంధన ప్రకారం దక్షిణాన అది 42 అంగుళాలు, మా ఉత్తరాన 60 అంగుళాలు. గోడ చుట్టూ ఎలాగూ ఐదడుగులు తవ్వాలన్నప్పుడు, మరో రెండు మూడు అడుగులు తవ్వి మధ్యలో మట్టి కూడా తీసేస్తే పై ఇంటికి సమానమైన మరో అంతస్తు తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. 1950ల బిల్డర్ ఆ అంతస్తును పూర్తి చేయకుండా, బొగ్గు పొయ్యికి బదులుగా వచ్చిన ఆయిల్ లేదా గ్యాస్ ఫర్నేసునూ, బట్టలు ఉతికే తొట్టినీ పెట్టి వదిలేసేవాడు. పిల్లలు పెరిగాక తండ్రి సెలవు రోజుల్లో కూర్చుని దానికి చెక్క పలకలు కొట్టి గదులు చేసేవాడు. నేను చూసిన బేస్‌మెంట్లలో సగానికి పైగా అలాంటి తండ్రుల చేతిపనే. గోడ సరిగ్గా నిటారుగా లేకపోయినా, మూల మూలకూ జాగ్రత్త కనిపిస్తుంది.

కిటికీరెక్క గారూ, మీరు గోడలు విప్పుతున్నారన్నారు కాబట్టి నాలుగు మాటలు చెప్పక తప్పదు. నేల మీద తొమ్మిది అంగుళాల చదరపు పలకలు ఉంటే వాటిలో ఆస్బెస్టాస్, అంటే పీల్చితే ఊపిరితిత్తులను పాడుచేసే రాతినార, ఉండే అవకాశం చాలా ఎక్కువ. పగలగొట్టకండి, రాపిడి పెట్టకండి, ముక్క ఒకటి ల్యాబ్‌కు పంపించి, ఫలితం వచ్చిన తరువాతే ముట్టుకోండి. అటక మీద బంగారు గోధుమ రంగులో గులకల్లాంటి పొర ఉంటే అది వర్మిక్యులైట్, చలి ఆపడానికి పోసే ఖనిజం. మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిన సరుకులో ఆస్బెస్టాస్ కలిసి ఉండేది, ఆ గని మినియాపోలిస్‌కు చాలా పంపింది. 1978కి ముందు వేసిన రంగులో సీసం ఉందనుకునే పని మొదలుపెట్టాలి. బేస్‌మెంట్‌లో పడక గది చేయదలిస్తే, నిప్పు అంటుకున్నప్పుడు మనిషి దూరి బయటపడేంత కిటికీ ఉండాలి. ఆ కిటికీ కింది అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడాన్ అనే హానికర వాయువుకు పరీక్ష కూడా చేయించండి, మన రాష్ట్రంలో అది ఎక్కువ.

ఒక సంగతి కళ్లారా చూసినది చెబుతాను. ఒక ర్యాంబ్లర్‌లో కిటికీ కింద గోడ విప్పితే లోపల అంగుళంన్నర మందం దూది పొర ఒక్కటే ఉంది, అదీ కిందికి జారి సగం ఖాళీ. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు తక్కువ. మేకు తలలన్నీ లోపలి వైపు తెల్లగా మంచు పట్టి ఉన్నాయి. ఆ కాలంలో ఇంధనం చవక, గోడ మందం ఎవరికీ పట్టలేదు. ఆ చవకదనాన్ని కట్టినవాళ్లు లెక్కలో వేసుకున్నారు. ఆ బిల్లు మాత్రం ఇప్పుడు మనం కడుతున్నాం.

ఎర్రమన్ను (స్టిల్‌వాటర్, ఓక్లహోమా)

ర్యాంబ్లర్ గురించి ఇంత చెప్పుకుంటున్నాం గాని ట్రైలర్ మూలకు పోయింది. 1979లో చదువుకోవడానికి వచ్చిన నేనూ, మా ఆవిడా, మా పెద్దవాడూ మూడేళ్లు ఒక పాత మొబైల్ హోమ్‌లో ఉన్నాం. ట్రైలర్ అనగానే ముఖం చిట్లించేవాళ్లను చూసినప్పుడు నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1930ల నాటి ట్రైలర్ సెలవులకు కారు వెనక తగిలించుకుని వెళ్లేది. యుద్ధ కాలంలో ఆయుధ కర్మాగారాల చుట్టూ లక్షల మంది కార్మికులు ఒక్కసారిగా చేరేసరికి, ప్రభుత్వం సుమారు 35,000 ట్రైలర్లు కొని వారికి ఇచ్చింది. అణుబాంబు పని జరిగిన టెనెసీలోని ఓక్ రిడ్జ్‌లో వరసల కొద్దీ ట్రైలర్లు ఉండేవి. వాటిలో స్నానాల గదులు లేవు. వరసకు ఒకటి చొప్పున ఉమ్మడి స్నానాల ఇల్లు, దానికి అటూ ఇటూ చెక్క పలకల బాట. యుద్ధం ముగిశాక అవే ట్రైలర్లను విశ్వవిద్యాలయాలకు చేర్చి పెళ్లైన సైనిక విద్యార్థులకు ఇచ్చారు. మీ పక్కింటి పెద్దావిడ మోసిన నీళ్లు ఆ తీరువే అయి ఉంటాయి.

అప్పటి ట్రైలర్ వెడల్పు ఎనిమిది అడుగులు. రహదారి నిబంధన అంతకు మించనివ్వదు. విస్కాన్సిన్‌లోని మార్ష్‌ఫీల్డ్‌లో ఎల్మర్ ఫ్రే అనే తయారీదారు 1954లో పది అడుగుల వెడల్పుతో ఒకటి తయారు చేశాడు. ప్రత్యేక అనుమతితో ఒక్కసారి లాగి తెచ్చి ఒకచోట నిలిపేది కాబట్టి దాన్ని మొబైల్ హోమ్ అనాలన్నది అతని వాదన. రెండు అడుగులే కదా అనిపిస్తుంది. ఎనిమిది అడుగుల పెట్టెలో వెనక గదికి వెళ్లాలంటే ముందు గదిలో పడుకున్నవారి మంచం పక్క నుంచే వెళ్లాలి. పది అడుగులు వచ్చేసరికి పక్కగా ఒక నడవ పడింది, పడక గదికి తలుపు వచ్చింది. భార్యాభర్తలకు మూసుకునే తలుపు ఒకటి దొరకడం అంటే ఏమిటో మూడేళ్ల పిల్లవాడితో ఒక్క గదిలో ఉన్నవారికి తెలుస్తుంది.

మా మొబైల్ హోమ్ పన్నెండు అడుగుల వెడల్పు. చలికాలం ముందు అడుగున ఉన్న నీటి గొట్టం చుట్టూ విద్యుత్ పట్టీ చుట్టేవాణ్ణి. లేకపోతే తెల్లారేసరికి నీళ్లు గడ్డకట్టేవి. గాలివాన సూచన వచ్చిందంటే నేలలో దిగేసిన ఇనుప లంగరు పట్టీలు బిగువుగా ఉన్నాయో లేదో టార్చిలైటు వేసుకుని చూసేవాణ్ణి. ఇల్లు మాది, 4,200 డాలర్లకు కొన్నాం. స్థలం మాత్రం వేరొకరిది, నెల నెలా అద్దె. రెండో ఏడాదిలో ఆ స్థలం యజమాని మారి అద్దె ఒక్కసారిగా పెంచాడు. ఇష్టం లేకపోతే ఇల్లు తీసుకుపొమ్మన్నాడు. లాగించుకుపోవడానికి అడిగిన ఖర్చు మేము దాచుకున్న దానికి రెట్టింపు. పేరుకే అది మొబైల్. దానికి చక్రాలు కూడా లేవు, ఎప్పుడో తీసేశారు.

పాత తనఖా గారిని ఒకటి అడగాలని ఉంది. నాకు అప్పుడు బ్యాంకు గృహ రుణం ఇవ్వలేదు. కారుకు ఇచ్చినట్టు ఇచ్చింది, ఏడేళ్ల గడువుతో, ఎక్కువ వడ్డీతో. అది ఆ బ్యాంకు నిర్ణయమా, లేక అంతటా అంతేనా?

పాత తనఖా (ఎడిసన్, న్యూజెర్సీ)

ఎర్రమన్ను గారూ, అంతటా అంతే. నేల లేకుండా ఇల్లు ఒక్కటే ఉంటే చట్టం దాన్ని స్థిరాస్తి అనదు, చరాస్తి అంటుంది. కారు, ట్రాక్టరు, పడవ ఉన్న వరుసలోనే అదీ ఉంటుంది. ఎఫ్‌హెచ్‌ఏకి మొబైల్ హోముల రుణాలకు బీమా ఇచ్చే అధికారం 1969 చట్టంతో గాని రాలేదు. అంటే 1934 నుంచి ముప్ఫై అయిదేళ్ల పాటు ప్రభుత్వ పూచీతో, తక్కువ వడ్డీతో, దీర్ఘకాలపు గడువుతో దొరికిన అప్పు మొత్తం నేలకు అంటుకున్న ఇళ్లకే పోయింది. వచ్చిన తరువాత కూడా చాలామందికి చరాస్తి రుణమే దిక్కైంది. 1972లో ఒక్క ఏడాదిలోనే ఐదున్నర లక్షలకు పైగా మొబైల్ హోములు తయారయ్యాయి. ఇంత పెద్ద సంఖ్యను పక్కదారి అనలేం.

నేను మొదట రాసినదాన్ని ఇక్కడ సరిదిద్దుకోవాలి. అప్పే సగం జవాబు అన్నాను. ఆ అప్పును ఆకర్షించింది గోడలు కావు, కింద ఉన్న నేల. ట్రైలర్‌కూ ర్యాంబ్లర్‌కూ మధ్య వైశాల్యంలో ఉన్న తేడా కన్నా, పత్రంలో ఉన్న తేడా పెద్దది. నెల నెలా కట్టిన వాయిదాతో ర్యాంబ్లర్ వాళ్లకు నేల విలువ పెరుగుతూ వచ్చింది. ట్రైలర్ వాళ్లు కట్టిన అద్దెతో నేల యజమానికి పెరిగింది.

తాపీగీత (విజయవాడ)

ఈ మాట విన్నాక లస్ట్రాన్ అనే ఉక్కు ఇళ్ల కంపెనీ గుర్తుకు వస్తోంది, రెండింటికీ నడుమ ఆగిపోయిన ప్రయత్నం కాబట్టి. ఒహాయోలోని కొలంబస్‌లో, యుద్ధ కాలంలో విమానాలు చేసిన కర్మాగారంలో, కార్ల్ స్ట్రాండ్‌లండ్ ఎనామిల్ పూసిన ఉక్కు రేకులతో ఇళ్లు తయారు చేయడానికి పూనుకున్నాడు. మన ఇళ్లలో ఒకప్పుడు ఉండే ఎనామిల్ గిన్నెల పూతే, గోడకూ కప్పుకూ. రంగు వేయనక్కర లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. గోడకు పటం తగిలించాలంటే మేకు దిగదు, అయస్కాంతం పెట్టాలి. ఇంటికి సరిపడే వేల భాగాలన్నీ ఒకే లారీలో ఎక్కి వచ్చేవి. ప్రభుత్వం 3 కోట్ల 75 లక్షల డాలర్ల అప్పు ఇచ్చింది. 1950లో దివాలా తీసేనాటికి కట్టినవి సుమారు 2,500 ఇళ్లు మాత్రమే. ఇల్లు మంచిది, ఇంకా నిలిచి ఉన్నవాటిలో చాలావాటికి పెద్దగా తుప్పు పట్టలేదు. అయితే ఊరికొక నిర్మాణ నిబంధన, ఉక్కు ఇంటిపై అనుమానించే స్థానిక బ్యాంకు, పెరుగుతూ పోయిన ధర. కర్మాగారంలో ఇల్లు తయారు చేస్తే చాలదని లస్ట్రాన్ చూపించింది. లెవిట్‌టౌన్ కట్టించిన లెవిట్ కర్మాగారాన్ని పొలంలోకి తెచ్చాడు, దానితో పాటు పొలాన్నీ కొన్నాడు.

కిటికీరెక్క (రిచ్‌ఫీల్డ్, మినెసోటా)

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. నేల, పత్రం అన్న మాటలు చదివాక మా ఇంటి పాత దస్తావేజుల కట్ట తీసి చూశాను. మా స్థలం 1940లలో లేఅవుట్ చేసినప్పుడు రాసిన షరతుల్లో ఒకటి, తెల్లజాతి వారు తప్ప వేరే జాతి వారు ఈ స్థలాన్ని కొనరాదనీ, ఇంటి పనివారిగా తప్ప ఇందులో నివసించరాదనీ ఉంది. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. నేనూ, నా భార్యా, మా పిల్లలూ ఆ వాక్యం ప్రకారం ఈ ఇంట్లో ఉండకూడనివాళ్లం. దీనికి ఇప్పుడు విలువ లేదని తెలుసు. ఎప్పటి నుంచి లేదు, తీసేయించడం సాధ్యమా?

సీతమ్మధార (విశాఖపట్నం)

న్యాయశాస్త్రం బోధిస్తాను కాబట్టి ఈ భాగం నాకు వదలండి.

1948లో అమెరికా సుప్రీంకోర్టు షెల్లీ, క్రేమర్ కేసులో అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని తీర్పు చెప్పింది. రాసుకోవడాన్ని మాత్రం నిషేధించలేదు. మినెసోటా 1953లో కొత్తగా రాసుకోవడాన్ని నిషేధించింది, 1962లో ఇళ్ల అమ్మకంలో జాతి వివక్షనూ నిషేధించింది. దేశమంతటికీ వర్తించే ఫెయిర్ హౌసింగ్ చట్టం 1968లో వచ్చింది. మీ రాష్ట్రంలో 2019 నుంచి యజమాని స్వయంగా ఆ షరతును తిరస్కరిస్తూ ఒక పత్రం నమోదు చేయించుకునే వీలుంది. పాత వాక్యం రికార్డులో చరిత్రగా ఉంటుంది, దాని పక్కన మీ తిరస్కారం కూడా ఉంటుంది. మినెసోటా విశ్వవిద్యాలయం వారు మ్యాపింగ్ ప్రెజుడిస్ అన్న పేరుతో మినియాపోలిస్ ప్రాంతపు ఇలాంటి దస్తావేజులన్నీ వెదికి పటం మీద గుర్తించారు. మీ వీధి అందులో ఉందేమో చూడండి.

పాత తనఖా గారు చెప్పిన ఎఫ్‌హెచ్‌ఏ గురించి ఒక మాట చేర్చక తప్పదు. ఆ సంస్థ మదింపు నియమావళే 1938లో ఇలాంటి షరతులు రాసుకోమని సిఫారసు చేసింది. షెల్లీ తీర్పు వచ్చిన తరువాత కూడా, 1950 ఫిబ్రవరి తరువాత నమోదైన షరతులకు మాత్రమే బీమా నిరాకరించింది. లెవిట్‌టౌన్ అద్దె ఒప్పందంలో ఆ షరతు పెద్ద అక్షరాల్లో అచ్చయింది. జీఐ బిల్లులో జాతి మాట ఎక్కడా లేకపోయినా, అప్పు ఇవ్వవలసింది స్థానిక బ్యాంకు. 1947లో మిసిసిపీలో ఈ హామీతో ఇచ్చిన 3,200కు పైగా రుణాల్లో నల్లజాతి వారికి దక్కినవి రెండే రెండు. వాళ్లూ అదే యుద్ధంలో పోరాడి వచ్చినవారే. 1957 ఆగస్టులో లెవిట్ పెన్సిల్వేనియాలో కట్టిన మరో లెవిట్‌టౌన్‌లో విలియం, డెయిజీ మయర్స్ అనే నల్లజాతి దంపతులు పిల్లలతో సహా ఒక ఇంట్లో దిగితే, రాత్రుల తరబడి వందల మంది చేరి రాళ్లు రువ్వారు, రాష్ట్ర పోలీసులు దిగవలసి వచ్చింది. ఆ దంపతులు ఆ ఇల్లు వదలలేదు. చేయి కలిపిన ఇరుగుపొరుగు వారు కూడా ఉన్నారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో 1946లో సైనిక కుటుంబాల కోసం 750 క్వాన్‌సెట్ గుడిసెలు నిలిపారు. సగం గొట్టంలా వంగిన రేకు గుడిసె, మధ్యలో అడ్డుగోడ, అటొక కుటుంబం, ఇటొక కుటుంబం. మొత్తం 1,500 కుటుంబాలు. రోడ్జర్ యంగ్ విలేజ్ అని పేరు. అందులో తెల్లవారు, నల్లవారు, మెక్సికన్ కుటుంబాలు, ఆసియా కుటుంబాలు కలిసి బతికారు. 1954లో దాన్ని మూసేసినప్పుడు తెల్లవారికి శివారు ఇళ్లు చేతికందాయి. మిగతా వారికి ఆ శివార్లలో చాలా చోట్ల తలుపు తెరుచుకోలేదు. తాత్కాలికమైన రేకుల కింద కలిసి ఉన్నవాళ్లను, శాశ్వతమైన ఇళ్లు విడదీశాయి.

ఎర్రమన్ను (స్టిల్‌వాటర్, ఓక్లహోమా)

అన్ని తాత్కాలిక వసతులూ అలా లేవండి. ఓక్ రిడ్జ్‌లోనే తెల్ల కుటుంబాలకు ట్రైలర్లూ ఇళ్లూ ఇస్తే, నల్లజాతి కార్మికులను పదహారు అడుగుల చదరపు చెక్క గుడిసెల్లో, మధ్యలో ఒక పొయ్యి పెట్టి, భార్యాభర్తలను వేరు చేసి ఉంచారు. మీ మాట కాదనడం లేదు, పూర్తి చేస్తున్నాను.

నేల సమస్యకు ఒక దారి కనబడిందని కూడా చెప్పాలి. 1984లో న్యూ హాంప్‌షైర్‌లో ఒక చిన్న ట్రైలర్ పార్కు వాళ్లు సహకార సంఘంగా ఏర్పడి, అప్పు తెచ్చి, తమ కింద ఉన్న నేలను తామే కొనుక్కున్నారు. ఆ పద్ధతి తరువాత చాలా రాష్ట్రాలకు పాకింది, మీ మినెసోటాలో కూడా అలాంటి పార్కులు ఉన్నాయి. మాకు ఆ రోజుల్లో ఆ ఊహే తట్టలేదు. తట్టి ఉంటే, ఇల్లు 1,500కు అమ్మేసి వచ్చేవాణ్ణి కాదు.

చలిమంట (డులూత్, మినెసోటా)

ఆ పార్కులను తనిఖీ చేశాను. నేల సొంతమైన చోట మురుగు గొట్టాలు మారుస్తారు, రోడ్డు గుంతలు పూడుస్తారు. కొత్త మొబైల్ హోముల విషయంలోనూ 1976 జూన్ 15 నుంచి దేశమంతటికీ ఒకే నిర్మాణ నియమావళి అమలులో ఉంది. దానికి ముందు చేసిన వాటికీ తరువాతి వాటికీ తేడా వైరింగ్ పెట్టె తెరవగానే తెలుస్తుంది.

కిటికీరెక్క (రిచ్‌ఫీల్డ్, మినెసోటా)

వారం గడిచింది. తిరస్కార పత్రం కౌంటీ కార్యాలయంలో దాఖలు చేశాను. నేల మీది తొమ్మిది అంగుళాల పలక ముక్కను తడిపి, సంచిలో మూసి ల్యాబ్‌కు పంపాను.

నిన్న సాయంత్రం పక్కింటి పెద్దావిడకు ఎర్రమన్ను గారు రాసిన ఎనిమిది అడుగుల సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే మా గ్యారేజీకి వచ్చి, కుర్చీ వేయించుకుని కూర్చుని, నా చేతికి చాక్‌పీసు ఇచ్చి గీయమన్నారు. ఎనిమిది అడుగులకు ఇరవై రెండు అడుగులు. ముగ్గు వేసేటప్పుడు మా అమ్మ వెనక నిలబడి చెప్పినట్టే, ఆ గీత అక్కడ కాదు ఇక్కడ అంటూ చెరిపించి మళ్లీ గీయించారు. తలుపు ఇక్కడ, కిరోసిన్ పొయ్యి ఇక్కడ, రాత్రి మంచమయ్యే బల్ల ఇక్కడ. పుట్టిన బిడ్డను అలమర కింది సొరుగు లాగి అందులో పడుకోబెట్టేవాళ్లమని చెప్పి, ఆ సొరుగును కూడా గీయించారు. పక్కింటి ట్రైలర్‌లో ఎవరుండేవారని అడిగితే, వాళ్లూ సైనిక కుటుంబమే, చదువు అయ్యాక వాళ్లకు ఈ ఊళ్లో ఇల్లు అమ్మలేదు, చికాగో వెళ్లిపోయారు అన్నారు. ఎందుకు అమ్మలేదో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. కాసేపటికి ఆవిడే ఆ గీతల పక్కన మరో పెట్టె గీయమన్నారు. రెండింటికీ నడుమ ఎంత జాగా వదలాలని అడిగితే, చేతులు చాపి చూపించారు. కొలిస్తే ఐదడుగుల పైన ఒక అంగుళం.

ఆవిడను ఇంటి దగ్గర దింపి వచ్చాక కారు లోపలికి తెచ్చాను. ఆ మొదటి పెట్టె గీతల మధ్య కారు పట్టింది గాని, అటు గీత దాటకుండా తలుపు తెరవడం కుదరలేదు. చాక్‌పీసు గీతలు ఇంకా అలాగే ఉన్నాయి.